పథ్యం మింగిన తొడ

కట్టు విప్పిన రోజు భర్త కుడి తొడను సన్యాసమ్మ జానతో కొలిచి చూసింది. ఎడమదానిలో సగం కూడా లేదు. కలకత్తా పక్కన సంత్రాగాఛిలో పాతికేళ్లు రైలు పట్టాల మీద సుత్తి పట్టిన బైరాగి, మంచం దిగబోయి గోడ పట్టుకున్నాడు. ఆ కాలు తిరిగి రాకపోతే పట్టాల పని పోయినట్టే.

విరిగిన కాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె చేసిన సేవకు వంక పెట్టలేం. శ్రీకాకుళంలో తల్లి నేర్పిన పథ్యం తు.చ. తప్పలేదు. పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు పెడితే కుట్లు మానవు, చేపల ఊసే వద్దు. చారన్నం, కారప్పొడి, అంతే. డాక్టరు మెల్లగా నడవమన్నా సరే, కాలు కింద మోపనిస్తే ఒట్టు. పొరుగు బెంగాలీ ఆవిడ చేపల పులుసు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపింది.

డాక్టరు వాళ్లని భవానీపూర్‌లో ఫిజియోథెరపీ చేసే లక్ష్మీసౌజన్య దగ్గరికి పంపాడు. ఆమె హైదరాబాదు పిల్ల. తొడకు కొలత టేపు చుట్టి, ఏం తింటున్నారని అడిగింది. సన్యాసమ్మ గర్వంగా అంతా చెప్పింది.

"అమ్మా, కండ ఒకసారి కడితే నిలిచిపోయే గోడ కాదు. రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా పుడుతుంది. పుట్టాలంటే పప్పు, గుడ్లు, చేపల్లో ఉండే ప్రోటీన్ కావాలి. కాలికి పని కావాలి. మీరు రెండూ ఆపేశారు."

"ఓలమ్మ! అయితే ఆ కాలు నానే సంపీసినానా?"

"చావలేదమ్మా, చిక్కింది. ఎముక అతికిందిగా, కండ మళ్లీ వస్తుంది."

సన్యాసమ్మ తిరిగొచ్చే దారిలోనే డజను గుడ్లు కొంది.

ఇక ఇంట్లో పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రి బెంగాలీలు రూయి అనే శీలావతి చేప. తిన్నాక వదిలేదా? కుర్చీలోంచి లే, కూర్చో, మళ్లీ లే. పోలీసులు కూడా అంత చేయించరు.

"ఇంక సాలే, కాలు పీకేస్తంది" అని బైరాగి మొత్తుకుంటే, "కూసింత పీకితేనే కండ పడతాదంట. ఇంకో పది" అనేది.

మూడో నెలలో బైరాగి రైల్వే డాక్టరు ముందు గొంతుక్కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేచాడు. డాక్టరు పనిలోకి వెళ్లమని సంతకం పెట్టాడు. బయటికొచ్చి ఆ సంగతి చెప్పగానే సన్యాసమ్మ భోరుమంది. ఇన్నాళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయిన ఏడుపు అది.

"నా పథ్యమే నీ కాలు తినీసింది మావా. నన్నొక్క మాటైనా అన్నావు కావు."

బైరాగి తొడ చరిచి చూపించాడు.

"మరి ఈ కండేటే? నువ్వెట్టిన కూడు కాదేటి?"