థార్న్‌కోట్ మేడకు ఉత్తుత్తి కిటికీ

నేను ఒక కిటికీని. చూసినవాళ్ళు అలాగే అనుకునేవారు. ఇంగ్లండు పల్లెసీమలో థార్న్‌కోట్ అనే జమీందారీ మేడ ముందుగోడ మీద రాతి చట్రం చెక్కి, అద్దాలు ఉండవలసిన చోట నల్లరంగు పూసి, తెల్లగీతలు గీసి నన్ను తయారుచేశారు. నా వెనక ఉన్నది గోడే.

ఆ మేడ మొదట ఎర్ర ఇటుకల ఇల్లు. వంకర పొగగొట్టాలు, వరస తప్పిన కిటికీలు. ఎవరికి గది కావలిస్తే వాళ్ళు తమకు నచ్చినవైపు పెంచుకుంటూ పోయారు. రెండు వందల ఏళ్ళ తరవాత ఆంబ్రోజ్ పెన్‌ఫోల్డ్ దొర ఇటలీ చూసి వచ్చి, ఈ ఇంటి ముఖం చూస్తే సిగ్గేస్తోందన్నాడు. ముందువైపు తెల్లరాతి తొడుగు వేయించాడు. నడుమ స్తంభాల వాకిలి, అటు అయిదు కిటికీలు, ఇటు అయిదు. ఇటు చివర పొగగొట్టం అడ్డొచ్చింది. వరస చెడకూడదని నన్ను పుట్టించారు.

అయినా నా డాబుకు తక్కువ లేదు. అతిథులు మేడను మెచ్చుకుంటే అందులో నా వాటా తీసుకునేదాన్ని. ఒకసారి రంగులవాడు నాలో సగం తెరిచిన పరదా కూడా గీశాడు. లోపల ఎవరో ఉన్నారనుకుని ఒక పాదిరీగారు టోపీ తీసి నాకు వందనం చేశారు. చాలా ఏళ్ళు దాన్నే తలచుకుని బతికాను.

ఆంబ్రోజ్ మనవడు హ్యూబర్ట్ దొర. ఆయన చెల్లెలు లవీనియా గుర్రం మీంచి పడి, నడుము విరిగి, సరిగ్గా నా వెనక గదిలో మంచం పట్టింది. ఆ గదికి వెలుతురంటే వంటింటి పెరటివైపున్న చిన్న కంత ఒక్కటే. వచ్చిన చుట్టాలేమో, నీ గదికి ఎంత మంచి కిటికీ ఉందో అనేవారట. విని విని ఆమె, నన్ను నిజంగా తెరిపించమని అన్నను అడిగింది.

పొగగొట్టం కొట్టేస్తే గదిలో చలిమంట ఉండదని, డాక్టరు వెచ్చగా ఉండమన్నాడని, తాతగారి గోడ తాకకూడదని ఆయన చాలా చెప్పాడు.

"చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటాను అన్నయ్యా. ఈ చీకటికి ఏం కప్పుకోను?"

"చచ్చిపోతావు, లవీనియా."

"బయటి బాట చూస్తూ పోతాను."

ఆయన మొహం తిప్పుకుని, తాపీమేస్త్రి టారెంట్‌కు కబురు పెట్టాడు.

కిటికీగా నా మొదటిరోజు గొప్పగా ఏమీ గడవలేదు. మసి రాలి ఆమె దుప్పట్లన్నీ నల్లబడ్డాయి. తరవాత ఆమె నాలోంచి చూసింది. తడిసిన గొర్రెలు, తోటమాలి ఆరేసిన చొక్కాలు, అంతే. మధ్యాహ్నం దాకా తల తిప్పలేదు.

బొమ్మగా ఉన్నన్నాళ్ళూ చుక్క నీరు కారనిదాన్ని, నిజమయ్యాక మొదటి వానకే కారాను. హ్యూబర్ట్ తిట్టుకుంటూ వచ్చి నా సందుల్లో చేతిరుమాళ్ళు కుక్కేవాడు. కుక్కి, అక్కడే కూర్చుని చెల్లెలితో టీ తాగేవాడు. అంతకుముందు గుమ్మంలోంచే పలకరించి పోయేవాడు.

కొన్ని చలికాలాలు గడిచాక ఆమె దగ్గుతో పోయింది. డాక్టరు నావైపు ఒక చూపు చూశాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక టారెంట్ ఇటుకల బండితో వచ్చాడు. రమ్మన్నది దొరే. మళ్ళీ బొమ్మనైపోతే పరువు దక్కుతుందని నేనూ కొంచెం ఆశపడ్డాను. దొర ఓవర్‌కోటు వేసుకుని, ఖాళీ మంచం పక్క కూర్చుని బయటికి చూస్తున్నాడు. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారని మేస్త్రి అడిగాడు.

దొర అన్నాడు: "ఇటుకలు వెనక్కి తీసుకెళ్ళు, టారెంట్. నేనీ గదిలోకి మారుతున్నాను."

ఆ చలికాలమంతా ఆయన తుమ్ముతూనే ఉన్నాడు.

ఇప్పుడా మేడను టికెట్టు కొని చూస్తారు. ముందుగోడ మీద అసలు కట్టడానికి చెందనిది నేనొక్కదాన్నేనని గైడు చెబుతుంది. అందరూ పక్క కిటికీలను ఫొటో తీసుకుంటారు. వాన పడితే మాత్రం మేడ పనివాళ్ళు గుడ్డ పట్టుకుని ముందుగా నా దగ్గరికే వస్తారు.