పడటం నేర్చుకోవడం

పాలు ఒలకలేదు, అదే పదివేలు అన్నారు అత్తగారు. అప్పటికి నేను వంటింటి నేల మీద ఉన్నాను. తడి చూసుకోక జారాను. ఒంటి బరువంతా కుడి భుజం మీద పడింది. పాలగిన్నె మాత్రం ఎడమ చేతిలో నిటారుగా నిలిచింది. మా ఆయన వచ్చి ముందు గిన్నె అందుకున్నారు. తర్వాత నన్ను లేపారు.

అప్పటికి మూడు నెలలుగా ఆఫీసు నుంచి వచ్చే దారిలో జూడో నేర్చుకుంటున్నాను. దెబ్బ తగలకుండా పడటమే అందులో మొదటి పాఠం. "మూడు నెలలు పడటం నేర్చుకున్నావు. సొంత ఇంట్లో పడటం చేతకాలేదు" అన్నారాయన. నవ్వొచ్చే మాటే. నేనూ నవ్వాను. నవ్వితే భుజం కలుక్కుమంది.

ఎముక విరగలేదని, ఇంకోసారి ఇలాగే పడితే మాత్రం ఆ చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాడు. ఇక ఆ కుస్తీలు చాలన్నారు అత్తగారు. సరే మానేస్తానన్నాను. ఆ ఇంట్లో వాదించడం కన్నా ఒప్పుకోవడం నాకు తేలిక.

నాలుగు వారాలయ్యాక ఆ మాట చెప్పడానికే కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. మానేసేవాళ్లు కూడా పడటం వచ్చాకే మానాలంది. నా కుడి చేతిని ఛాతీకి కట్టేసింది. మందపు పరుపు మీద గొంతుక్కూర్చోబెట్టి ఎడమవైపుకి మాత్రమే పడమంది. పడుతూ అరచేత్తో పరుపును చరచాలి. చరిస్తే దెబ్బ ఒంటికి తగలదు. పదిసార్లు పడ్డాను. పదిసార్లూ చరిచాననే అనుకున్నాను.

"ఏం పట్టుకున్నావమ్మా ఆ చేత్తో?" అంది.

ఏమీ లేదన్నాను.

"మరి దేన్ని కాపాడుతున్నావు?"

చూసుకున్నాను. ఒళ్లు పరుపు మీద ఉంది. చెయ్యి గాల్లో ఉంది, అరచెయ్యి పైకి తిరిగి, వేళ్లు విచ్చుకుని. రెండు చేతులూ ఆడినన్నాళ్లూ ఆ కంగారులో ఇది కనపడలేదట. ఒకటి కట్టేశాక రెండోదాని గుట్టు బయటపడింది.

ఇంటికి నడుస్తూ నన్ను నేనే చూసుకున్నాను. ఏ తలుపైనా భుజంతోనే తోస్తాను. ఎదురు ఎవరొచ్చినా పక్కకి తిరిగి దారిస్తాను. ఆఫీసులో పదహారేళ్ల సర్వీసు నాది, ఇవాళ్టికీ మీటింగుకి టీలు నేనే మొయ్యాలి, నేను తెస్తే ఒలకవట. పెళ్లయిన కొత్తలో ఒక గ్లాసు పగిలితే, చేతులా చేటలా అన్నారు అత్తగారు. ఆ తర్వాత నా చేతిలో ఏదీ పగల్లేదు. ఒలకబోయని మనిషినని పేరొచ్చింది. నాకది మెచ్చుకోలుగానే ఉండేది. మోకాలు, మోచెయ్యి, ఇప్పుడు భుజం, ఏది ఎప్పుడు పోయిందో లెక్క ఎవరికి కావాలి.

ఆ ఆదివారం ఆడపడుచు వాళ్లొచ్చారు. మా అమ్మాయికి పదకొండేళ్లు. మంచినీళ్ల గ్లాసులు ట్రేలో పెట్టుకుని వస్తుంటే దాని కాలు నేలమీద పరిచిన పట్టా అంచుకి తగులుకుంది. రెండు మోకాళ్ల మీదా పడింది. ట్రే చెక్కుచెదరలేదు.

"అచ్చం వాళ్లమ్మే" అన్నారు అత్తగారు, మురిసిపోతూ. భలే పట్టుకున్నావే అన్నారు మా ఆయన. పిల్ల మొహం వెలిగిపోయింది. నేనేమంటానో అని నావైపు చూసింది.

ట్రే ఎవరందుకున్నారో నేను చూడలేదు. కింద కూర్చుని గౌను పైకి జరిపాను. మోకాలు కొట్టుకుపోయి రక్తం వస్తోంది. ఏం కాలేదమ్మా, ఒక్కటీ పగల్లేదు అంది.

నేను జూడో మానడం లేదన్నాను. ఎవరూ అడగలేదు. రేపటినుంచి ఇది కూడా నాతో వస్తుంది, మేం తిరిగొచ్చేసరికి ఏడున్నర అవుతుంది, వంట మీరు చూడండి అని ఆయనతో అన్నాను. ఆయన వాళ్లమ్మ వైపు చూశారు.

"అక్కడ ఏం నేర్పుతారమ్మా?" అంది పిల్ల.

"ముందు పడటం. చేతిలో ఉన్నది వదిలేసి పడటం."

"వదిలేస్తే పగులుతాయి కదా?"

"పగలనీ" అన్నాను. అత్తగారికి కూడా వినపడేలాగే అన్నాను.