మూడో ఫోన్

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని మధ్యలో లేచి, చేతులు కడుక్కుని, చెవిదుద్దు తీసి దాని మొనతో ఫోన్ పక్కనున్న కన్నంలో పొడిచాను. ట్రే బయటికి వచ్చింది. ల్యాబ్‌లో ఇచ్చిన సిమ్ అందులో పెట్టి లోపలికి తోశాను. కాసేపటికి తెరమీద ఒక వాక్యం వచ్చింది: ఈ సిమ్ ఈ ఫోన్‌లో పనిచేయదు. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే వాక్యం.

"దాన్ని పొడిచి పొడిచి చంపేస్తావా ఏంటి? అటు పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతున్నాయి" అంది మా అత్తయ్య కుర్చీలోంచి. ఆమె కుర్చీకి పొయ్యి నాకన్నా దగ్గర.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. చేరింది రక్తం తీసే పనికి. పొద్దున్నే పెట్టె భుజాన వేసుకుని ఇళ్ళకి వెళ్ళి, నరం దొరకబుచ్చుకుని, ట్యూబులు నింపుకుని వచ్చేదాన్ని. పాప పుట్టాక మా ఆయన ఒకరోజు, "నువ్వు తెల్లారకుండా వెళ్ళిపోతే పాపకి పాలెవరు పడతారు?" అన్నాడు. ప్రశ్నలాగే అడిగాడు కానీ, జవాబు కోసం ఆగలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కౌంటర్‌కి మారాను. అప్పట్నుంచీ వేరేవాళ్ళు తెచ్చిన ట్యూబులకి చీటీలు అంటిస్తున్నాను. చీటీ మీద పేరుంటుంది, వయసుంటుంది. మనిషి ఉండదు. ఈమె ఇంట్లో ఎవరెవరుంటారు, సూదిని చూసి మొహం తిప్పుకుందా, తిప్పుకోకుండా చూసిందా, ఇవేవీ చీటీ మీద ఉండవు. నాకు అవే కావాలనిపించేది. పాప ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. పాలు పట్టే పని ఎప్పుడో అయిపోయింది. కౌంటర్ మాత్రం మిగిలిపోయింది.

ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే ఆమె పని మానేస్తోందని తెలిసినరోజే మా సూపర్‌వైజర్ మేడం గది తలుపు తట్టాను. "నీకు చేయి అలవాటు తప్పిందేమో" అందామె. తన చేతికే పట్టీ బిగించి, నన్ను రక్తం తీయమంది. ఒక్క పోటుకే వచ్చింది. ఆమె దూది అదిమిపట్టుకుని, "సరే. ల్యాబ్ యాప్ మన సిమ్ మీదే తెరుచుకుంటుంది. ఫోన్ మాత్రం ఎవరిది వాళ్ళదే. సోమవారం పొద్దున యాప్‌లో నీ పేరు కనిపిస్తే నువ్వు, లేకపోతే కొత్తగా వచ్చినమ్మాయి" అని సిమ్ చేతిలో పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను.

"ఆ ఫోన్‌కి నెట్‌వర్క్ లాక్ ఉంటుంది. వేరే కంపెనీ సిమ్ తీసుకోదు."

"ఎందుకుంటుంది లాక్?"

"కంపెనీవాళ్ళు పెడతారు కాబట్టి."

"పెట్టి ఏం చేసుకుంటారు?"

"మొదలైంది డిటెక్టివ్‌గారి విచారణ" అన్నాడు వాళ్ళమ్మ వైపు చూసి. ఆమె నవ్వింది. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు నాకు ముద్దుగానే ఉండేది. "నీకెందుకిదంతా? నేను చూస్తాలే."

మా ఇంట్లో ఎవరూ కాదనరు. చూస్తాలే అంటారు. కాదంటే పోట్లాడొచ్చు. చూస్తాననే మనిషితో ఏమని పోట్లాడతాం? మర్నాడు అడిగితే, "చూస్తానన్నానా లేదా?" అన్నాడు. ఆ మర్నాడు, "చెవిలో జోరీగలా ఏంటిది?" అన్నాడు.

నాకు మాత్రం ఆ లాక్ ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ల్యాబ్ నుంచి వచ్చేదారిలో ఫోన్లమ్మే చిన్న కొట్టు ఉంది. నడిపేది నా వయసామె. రెండు అద్దాల బీరువాలు, ఒక టేబుల్ లైటు. విప్పిన ఫోన్ల మరలు తినుబండారాల డబ్బా మూతల్లో పోసుకుంటుంది. నా ఫోన్ తిప్పి చూసింది.

"ఫ్యామిలీ ప్లాన్‌లో వచ్చింది కదక్కా?"

"అవును. ఒకేసారి మూడు. మా ఆయనకి, పాపకి, నాకు."

"అయితే లాక్ ఉంటుంది."

"ఎక్కడుంటుంది? చూపించగలవా?"

ఆమె నా మొహం చూసి, హాస్యమాడటం లేదని తెలుసుకుంది. "కనబడేది కాదక్కా. ఫోన్ లోపల రాసి ఉంటుంది, ఫలానా కంపెనీ సిమ్‌కే తలుపు తీయి అని. ఫోన్ తక్కువకి ఇస్తారు కదా, గడువయ్యేదాకా మనం ఇంకో కంపెనీకి పోకుండా ఈ కట్టుబాటు."

"గడువు ఎప్పుడో అయిపోయింది."

"అయిపోతే తీసేస్తారు."

"మరి తీయలేదే?"

"అడిగారా?"

"గడువైతే దానంతటది పోదా?"

"ఎక్కడిదక్కా! అడగందే అమ్మైనా పెట్టదు, కంపెనీ పెడుతుందా?"

దారంతా ఆ సామెత గురించే ఆలోచించాను. ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళకి అన్నం పెట్టినామెను అడిగి పుట్టించి ఉండరు. అడక్కుండా పెట్టి పెట్టి నాకు చేతులు అరిగాయి. అత్తయ్యకి మాత్రలు, ఆయనకి ఇస్త్రీ చొక్కా, పాపకి టిఫిను డబ్బా, ఇవి ఒక్కరోజు కూడా ఎవరూ అడిగింది లేదు. అడగాల్సి వస్తే అది నా తప్పు కిందికి వచ్చేది. "ఇంకా మాత్ర ఇవ్వలేదేంటి?" అనేదే మా ఇంట్లో అడగడం.

బస్టాప్‌లో నిలబడి కంపెనీకి నేనే ఫోన్ చేశాను. అటుపక్క అమ్మాయి గొంతు మర్యాదగానే ఉంది. ఈ నంబరు తీసుకున్నది ఎవరి పేరు మీదో వాళ్ళే అడగాలట, అంటే మా ఆయనే. "ఈ ఫోన్ వాడేది నేనేనమ్మా, కొన్నప్పట్నుంచీ" అన్నాను. "మీరు వాడేవారు మేడం. ఖాతా వేరేవారిది" అంది. తిట్టలేదు, తోసెయ్యలేదు. ఉన్నమాట చెప్పింది.

శనివారం సాయంత్రం మా ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని మ్యాచ్ చూస్తున్నాడు. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. నాకొక సందేహం వచ్చింది. ఆయన ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళు వెళ్తుంటాడు. వెళ్ళినచోట ఏదో ఒక సిమ్ వేసుకుని వేరే నంబరుతో ఫోన్ చేస్తాడు.

"ఏమండీ, మీ ఫోన్‌కి లాక్ లేదా?"

"ఉండేది. తీయించేశాను."

"ఎప్పుడు?"

"గడువయ్యాక. పాప కూడా అప్పుడే కాలేజీ వాళ్ళతో టూర్ వెళ్ళిందిగా, దానిదీ తీయించా. ఎంతసేపు, ఇలా ఫోన్ చేస్తే అలా అయిపోయింది." కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. "కంపెనీ అమ్మాయి అడిగింది కూడా, మూడోది కూడా తీసేయమంటారా సార్ అని. అక్కర్లేదన్నాను."

"ఎందుకని?"

"నువ్వెక్కడికీ వెళ్ళవుగా!"

కోపంగా అనలేదు. దాచిపెట్టీ అనలేదు. నన్ను ఆపాలని ఆ మనిషి ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండడు. అదే నాకు వింతగా తోచింది. ఆయన చొక్కా సగం మడత మీద చేతిలో పట్టుకుని, ఆయన్ని చూశాను. ఆ మాట అన్న నోరు పల్లీలు నములుతోంది. అక్కర్లేదన్నది అబద్ధం కూడా కాదు. ఆ రోజున నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఎవరైనా వచ్చి, ఎక్కడికైనా వెళ్తావా అని అడిగితే నేనే తడుముకునేదాన్నేమో. కానీ అడిగింది ఆయన్ని, చెప్పింది ఆయన, ఆ మాట ఇన్నాళ్ళూ మోసింది నేను, నా సంచిలో, కూరలతో పాటు.

"ఇప్పుడు చేయండి మరి, ఆ ఫోనేదో."

"మ్యాచ్ అవ్వనీ."

మ్యాచ్ అయ్యాక నిద్రపోయాడు.

ఆదివారం కొట్టు మధ్యాహ్నం దాకా తీసి ఉంటుంది. అత్తయ్యకి అన్నం మూతపెట్టి, నా జీతం కార్డు తీసుకుని వెళ్ళాను. లాక్ లేని ఫోన్ కావాలన్నాను, వాడినదైనా సరే. ఆమె మూడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏదైనా కొనండక్కా, మాట మీద నమ్మి మాత్రం కొనకండి, నా మాట కూడా. అన్‌లాక్ అంటే స్క్రీన్ తెరుచుకోవడమే అనుకుంటారు చాలామంది. వేలు పెడితే తెరుచుకుంది కదా అని పట్టుకెళ్తారు, ఇంటికెళ్ళి సిమ్ వేశాక లబోదిబోమంటూ వస్తారు. మీ సిమ్ ఇక్కడే వేసి చూడండి. తర్వాత నాది వేసి చూడండి. రెంటికీ పలికితేనే."

మొదటిది ల్యాబ్ సిమ్‌కి పలకలేదు. ఆమె నాలుక కరుచుకుని దాన్ని బీరువా వెనక్కి నెట్టేసింది. "చూశారా, నాకూ లాక్ లేదని చెప్పే అమ్మారు" అంది. రెండోది రెంటికీ పలికింది. మూలన గీత ఉంది. బ్యాటరీ కొత్తదేసి ఇస్తానంది. బేరమాడాను, కొంచెం తగ్గింది, మిగతాదానికి బదులు ఫోన్‌కి ఒక కవరు ఇచ్చింది. ల్యాబ్ యాప్ అక్కడే, ఆ బల్లమీదే తెరిచాను. నా పేరు వచ్చింది. పక్కన 'గృహ సేకరణ' అని ఉంది, అంటే ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే పని.

ఇంటికి వెళ్ళి చెప్పాను. మా ఆయన లేచి కూర్చున్నాడు.

"పూర్తి రేటు పెట్టి పాత ఫోన్ కొన్నావా? కంపెనీవాడు కొత్తది ఉత్తినే ఇస్తుంటే!"

"ఉత్తినే ఎక్కడిచ్చాడండీ, నెలనెలా కడుతూనే ఉన్నాం."

"నేను తీయించేవాణ్ణిగా. ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేదానికి!"

"అవును, ఒక్క ఫోనే" అన్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్తయ్య ఈసారి నవ్వలేదు. నా చేతిలో ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, "రేపట్నుంచి పొద్దున కాఫీ ఎవరు పెడతారు మరి?" అంది.

"కుర్చీకి పొయ్యి దగ్గరే కదా అత్తయ్యా" అన్నాను.

సోమవారం తెల్లారుతుండగా మొదటి ఇంటి బెల్లు కొట్టాను. తలుపు తీసినాయన నా పెట్టె చూసి పక్కకి జరిగాడు. లోపల ఆయన భార్య కుర్చీ అంచున కూర్చుని, అప్పటికే చేయి చాపి ఉంది. ఫోన్‌లో వచ్చిన ప్రశ్నలు చదివాను.

"రాత్రి భోజనం తర్వాత ఏమైనా తిన్నారా?"

"ఏం తినలేదు" అన్నాడాయన.

"నీళ్ళు?"

"తాగలేదు."

ఆమె ఆయన్ని చూసి, నన్ను చూసింది. "అర గ్లాసు తాగాను" అంది.

"నాకు చెప్పనేలేదే!" అన్నాడాయన.

నీళ్ళకేం ఫర్వాలేదని చెప్పి పట్టీ కట్టాను. నరం లోతుగా ఉంది, వేలికి తెలిసింది. సూది గుచ్చుతుంటే ఆమె మొహం తిప్పుకోలేదు. ట్యూబులోకి రక్తం ఎక్కడం కళ్ళార్పకుండా చూసింది. "ఇంత నల్లగా ఉంటుందా?" అని అడిగింది. అవునన్నాను. "ఎందుకని?" అంది. తెలిసినంత చెప్పాను.

చివరి ప్రశ్న, రిపోర్టు ఏ నంబరుకి పంపాలని. ఆయన తన నంబరు గడగడా చెప్పేశాడు. "అన్నీ నేనే చూసుకుంటానండీ, ఆవిడకివన్నీ తెలీవు."

"పరీక్ష ఆవిడదండీ. ఆవిడ నంబరు కావాలి."

ఆమె దూది పట్టుకున్న చేత్తోనే పక్క బల్ల మీద ఫోన్ కోసం వెతికింది. "నా నంబరు నాకు నోటికి రాదమ్మా. ఎవరూ అడగరు."

నేను స్టూలు ఆమె దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"చూసి చెప్పండి. నేను రాసుకుంటాను."