కొండ ఎన్నిసార్లు పలికింది

పెళ్లయి నెల తిరక్కుండానే సైకిళ్లెక్కి కొండల్లో పడి తిరగడమేమిటని ఇంటిల్లిపాదీ నవ్వారు. కొత్త పెళ్లికూతురు ఆ నవ్వుల్ని చెవిన పెట్టే స్థితిలో లేదు. నది వెంబడే లోయలో సైకిలు యాత్ర, ముందు నడిపించే గైడు, వెనకాల సామాను మోసే బండి, చీకటి పడేసరికి ఒక బస. ఆ ప్రకటనలో మూడో రోజు మజిలీ ఎక్కడో చదవగానే మొగుడి చెయ్యి గిచ్చింది.

"అది మా ఇల్లు," అంది.

నిజానికి అది వాళ్ల సొంతిల్లేమీ కాదు. నది ఒడ్డున ప్రభుత్వం కట్టిన రాతి క్వార్టరు. వాళ్ల నాన్నది నీటిమట్టం చూసే ఉద్యోగం. లోయ పొడవునా అక్కడక్కడా నీళ్లలో పాతిన కొలత కర్రలుండేవి. ఆయన పొద్దున్నే సైకిలెక్కి, ఒక్కో కర్ర దగ్గరా ఆగి, నీళ్లు ఎంతవరకూ వచ్చాయో చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఆమెకి బడి ఈడు వచ్చేసరికి బదిలీ అయిపోయింది. అందుకని ఆమెకి స్వయంగా గుర్తున్నవి మూడే ముక్కలు. వంటింటి గడప చల్లదనం, ఎడతెగని నీళ్ల హోరు, నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుంటే తొడలకి ఒత్తుకునే ఇనుము. మిగతాదంతా విన్నదే. అందులోనూ బెల్లు కథ వినీ వినీ కంఠతా వచ్చేసింది.

ఆ లోయలో దారిన పోయేవాళ్లకి పట్టెడు తిండి దొరికే చోటు ఉండేది కాదు. పడవవాళ్లో, సర్వేవాళ్లో ఎవరు తగిలినా నాన్న వెంటబెట్టుకుని వచ్చేసేవాడు. ఇంటికి ఎదురుగా, నది వంపు తిరిగేచోట ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడికి రాగానే, ఎంతమంది భోజనానికి వస్తున్నారో అన్నిసార్లు బెల్లు కొట్టేవాడు. అక్కణ్ణుంచి దారి చుట్టు తిరిగి వస్తుంది, ఆఖరి కర్ర కూడా చూసుకోవాలి కాబట్టి ఆయన వచ్చేలోగా వంట అయిపోయేది. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు వంటమనిషితో చేసుకున్న ఏర్పాటు అది. పెళ్లయి అమ్మ కాపురానికి వచ్చాక బెల్లు సంగతి చెప్పాడు గానీ, ఆ మలుపులో కొండ తిరిగి పలుకుతుందని చెప్పడం మరిచాడు.

మొదటి వారంలోనే ఒక పడవవాణ్ణి వెంటేసుకుని వస్తూ ఒక్కసారి బెల్లు కొట్టాడు. వంటింట్లో అమ్మకి నాలుగు వినిపించాయి. పాపం, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పొయ్యి ఎక్కించింది. తీరా చూస్తే నాన్న వెనకాల బక్కపలచని మనిషి ఒక్కడు నిలబడి నవ్వుతున్నాడు. గరిటె పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వెళ్లి, మిగతా ముగ్గురూ ఏరని దారంతా వెతికిందట.

అక్కడ మొదలైంది గొడవ. కొండ రెండుసార్లే పలుకుతుంది, నా బెల్లుతో కలిపి మూడు, ఆ నాలుగోది నీకు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని నాన్న. మూడుసార్లు పలికింది, నా చెవులు నాకు లేవా అని అమ్మ. చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా, వంట కాస్త ఎక్కువైనా ఈ తగువు లేచేది. పిల్లలు మంచాల మీదికెక్కి చెరో పక్షం చేరేవాళ్లు. ఆ ఇంట్లో గడియారం టిక్కుటిక్కుమన్నట్టు అదొక చప్పుడు.

నాన్న పోయాక ఆ చప్పుడు ఆగిపోయింది. యాత్ర సంగతి చెప్పగానే అమ్మ బీరువా పైఅరలోంచి పాతగుడ్డలో చుట్టిన ఇత్తడి బెల్లు తీసి చేతిలో పెట్టింది. పెట్టి, "మీ నాన్న అన్నదే నిజమేమోలే. రెండే అయ్యుంటాయి," అంది.

అమ్మ ఓటమి ఒప్పుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎదుటి మనిషి లేకపోతే తగువు కూడా ఇలా చల్లారిపోతుందా? ఆ కొండ ఎన్నిసార్లు పలుకుతుందో విని వచ్చి, అమ్మకి అమ్మ మాట తిరిగి ఇచ్చేయాలని ఆ క్షణాన్నే అనుకుంది. ఒకవేళ రెండే పలికితే ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు.

అద్దె సైకిళ్ల హ్యాండిళ్లు లావు. నాన్న బెల్లు పట్టీ సరిపోలేదు. మొగుడు ఆమె జడకున్న రబ్బరుబ్యాండు లాగేసుకుని, నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. దాంతో యాత్రంతా ఆమె జుట్టు ఎగిరింది. అతను వెనకాల వస్తూ ఆ జుట్టుని చూసి మురిసిపోవడం, గుంతలో పడటం, మళ్లీ మురిసిపోవడం. ఆమె సంగతీ అంతే. చదునులో నలుగురి ముందూ "మీరు" అనేది, ఎత్తెక్కేటప్పుడు ఆయాసంలో "నువ్వు" అనేసేది. రాతి సందుల్లోంచి కారే నీళ్లు చూసినా ఆనందమే, ఆగినచోట ఒకే గ్లాసులో ఇద్దరికీ టీ వచ్చినా ఆనందమే. జట్టులో ఉన్న పళ్ల డాక్టరు వాళ్లని చూసి, ఒకళ్ల మొహాలొకళ్లు కాకుండా రోడ్డు చూడండి నాయనా, పళ్లు రాలితే నా దగ్గర పనిముట్లు లేవు అన్నాడు. ఆయన భార్య, వాళ్ల జోలికి పోకండి, మనం ఆ వయసులో స్తంభాన్నే గుద్దాం అంది.

గైడుని అందరూ మాస్టారు అని పిలిచేవాళ్లు. ఆగిన ప్రతిచోటా బడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు తలలు లెక్కపెట్టేవాడు మరి. వరస తప్పడం ఆయన దగ్గర మహానేరం. మూడో రోజు పొద్దున్న బయల్దేరే ముందు ఆయన ఒక మాట చెప్పాడు. పాత మలుపు మూసేశారట. రాళ్లు పడుతున్నాయట. కొండ తొలిచి కొత్తగా వేసిన సొరంగంలోంచి నేరుగా మజిలీకి వెళ్లిపోతారట.

ఆయన చక్రానికి గాలి కొడుతుంటే పక్కన నిలబడి కథంతా చెప్పింది. పంపు కొడుతూనే విన్నాడు. పడవవాడి దగ్గరికొచ్చేసరికి పంపు ఆగింది.

"మజిలీ నుంచి మలుపు మొదట్లో కంచె దాకా కాలిబాట ఉంది. అక్కడిదాకా రాళ్లు రావు," అన్నాడు. "కానీ ఒక్కరే వెళ్లాలి. హెల్మెట్ తియ్యకూడదు. ఇద్దర్ని పంపితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. మీ ఇద్దర్ని అసలే పంపను. సాయంత్రానిక్కూడా తిరిగి రారు."

మజిలీకి చేరాక చూస్తే ఇల్లు ఆమె అనుకున్నదానికన్నా బాగా చిన్నది. వంటింట్లో పొయ్యి స్థానంలో టైర్లు, ట్యూబులు, గ్రీజు డబ్బాలు. గది నిండా రబ్బరు వాసన. కానీ గడప అదే. బూట్లు విప్పి పాదం మోపింది. చల్లదనం అరికాళ్లలోంచి నేరుగా అయిదేళ్ల వయసులోకి పాకింది.

ఒక్కరే అంటే తనే వెళ్లాలని ఆమె కోరిక. నాన్న నిలబడ్డ చోట నిలబడాలని. మొగుడు సైకిలు మీంచి బెల్లు ఊడదీస్తూ తల అడ్డంగా ఊపాడు.

"అక్కడ ఎన్ని పలికాయన్నది కాదుగా గొడవ. వంటింట్లో ఎన్ని వినిపించాయన్నది. అత్తయ్యగారి చోట నువ్వుండు. మావయ్యగారి పని నేను చేసొస్తా."

అతను హెల్మెట్ బిగించుకుని వెళ్లాడు. నది వంపుకి అవతల, కంచె దగ్గర ఎర్రచొక్కా చుక్కలా కనపడేదాకా ఆమె చూస్తూనే ఉంది. ఇంతలో డాక్టరుగారి భార్య అందరి నోళ్లూ మూయించింది. చప్పుడు చేస్తోందని టీ మరుగుతున్న స్టవ్వు కూడా ఆర్పించింది.

ఆమె గడప మీద కళ్లు మూసుకుని నిలబడింది. నీళ్ల హోరు. దాన్ని చీల్చుకుంటూ నీళ్ల మీంచి ఇత్తడి చప్పుడు.

ఎదురు కొండ పలికింది. దిగువనున్న కొండ అందుకుంది, ఇంకాస్త మెత్తగా. అంతే. అమ్మ ఓడిపోయింది అనుకునేలోపు, ఇంటి వెనకాల, కప్పుకి పైనున్న బండలోంచి మూడోది వచ్చింది. పెద్దవాళ్లు చెప్పిన మాటని పసిపిల్ల చివర్న తనలో తాను అనుకున్నట్టు, సన్నగా. ఆమె వీపుకి తగిలినట్టే అనిపించింది. అలాగే గడప మీద కూలబడి, టైర్ల మధ్య, నవ్వుతూ ఏడ్చింది.

మొగుడు చెమటలు కక్కుతూ, యుద్ధం గెలిచినవాడిలా తిరిగొచ్చాడు.

"రెండు. పక్కా రెండు. మావయ్యగారే కరెక్టు."

"మూడు," అంది ఆమె.

"ఎక్కడిది మూడు? నేను అక్కడే ఉన్నాగా."

అప్పుడు తట్టింది ఆమెకి. ఆ మూడోది ఇంటి వెనక బండది. అది వంటింటి దాకానే వస్తుంది, నీళ్లు దాటి మలుపు దాకా పోదు. బెల్లు మోగినప్పుడల్లా నాన్న అక్కడే ఉన్నాడు, అమ్మ ఇక్కడే ఉంది. అన్నేళ్లూ ఒకే బెల్లుని ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకేచోట నిలబడి వినలేదు.

చోట్లు మార్చుకుని మళ్లీ కొడదామంటే మాస్టారు ఈల వేసి తలలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. లోయలో ఫోనుకి సిగ్నలు లేదు. మర్నాటి ఎత్తు ఎక్కాకే అమ్మతో మాట్లాడటం. ఆ ఎత్తంతా ఆమె మాటలు పేర్చుకుంటూనే తొక్కింది. ఎలా చెబితే అమ్మకి నాన్న మళ్లీ ఓసారి దూరం కాకుండా ఉంటాడు?

పైకెక్కి, సైకిలు గడ్డిలో పడేసి, ఫోను చేసింది. పేర్చుకున్న మాటలన్నీ ఆయాసంలో కలిసిపోయాయి. "అమ్మా, నువ్వన్నదీ నిజమే, నాన్నన్నదీ నిజమే," అని మొదలుపెట్టి బండ గురించి చెప్పింది.

చెబుతున్నంతసేపూ అమ్మ ఏడుస్తుందేమోనని ఆమె భయపడింది.

"అదెలా కుదురుతుందే?" అంది అమ్మ. గొంతు పాతగొంతు, గరిటె పట్టుకున్న గొంతు. "ఇద్దరిదీ నిజమెలా అవుతుంది? మూడు పలికింది. నువ్వూ విన్నావుగా. ఆయనకి వినపడకపోతే ఆయన చెవుల తప్పు. నేనప్పుడే చెప్పాను, ఆ సైకిలు మీద గాలికి చెవులు పాడైపోతాయి, మఫ్లరు చుట్టుకోమని. నా మాట ఎప్పుడు విన్నాడు గనక."

మొగుడు ఫోను లాక్కున్నాడు. "అత్తయ్యగారూ, నేను కూడా అక్కడే ఉన్నానండీ. రెండేనండీ."

"మీరూ ఆయన పక్షమేనా అల్లుడుగారూ? అయితే ఒక పని చెయ్యండి. ఈసారి మీరు వంటింట్లో నిలబడండి."

"నిలబడతానండీ. వచ్చే ఏడు మీరూ రండి. బెల్లు మీరే కొడుదురుగాని."

"నేనా? సైకిలా?" అంటూ అమ్మ మొదలుపెట్టింది. ఆ మాటకి మాట, దానికి ఇంకో మాట. ఆమె గడ్డిలో వెల్లకిలా పడుకుని, జుట్టు మొహమంతా కప్పేస్తుంటే తోసుకుంటూ, ఇద్దర్నీ వింటోంది. అవతల మాస్టారు ఈల వేస్తున్నాడు. ఈసారి లెక్కలో రెండు తలలు తక్కువొచ్చాయి.