అటక మీది బెల్టులు

కోత మిల్లులో గుండ్రటి రంపం ఆగిపోయి తొమ్మిది రోజులైంది. రంపానికి ఏమీ కాలేదు, మోటారూ బాగానే ఉంది. ఆ రెంటినీ కలిపే తోలు బెల్టు, ఆరంగుళాల వెడల్పు పట్టీ, నడిమధ్య నిలువునా చీలిపోయింది.

మిల్లు నడిపేది ఒక ఆడమనిషి. యాభై దాటాయి. ఊరంతా ఆమెను మిల్లక్క అంటారు. నలుగురిలో పిలవాల్సి వస్తే ఆమె భర్త కూడా తడబడి అలాగే పిలుస్తాడు. దుంగను ఒకసారి చుట్టూ తిరిగి చూసి ఎన్ని పలకలు వస్తాయో చెప్పేస్తుంది. ఒకరిచేత మాట పడదు. అన్న మాట వెనక్కి తీసుకోదు.

ఈ తొమ్మిది రోజుల్లో ఆమె ఎక్కని షాపు మెట్టు లేదు.

"ఫ్లాట్ బెల్టా? మా తాత అమ్మేవాడక్కా. ఇప్పుడన్నీ సన్న బెల్టులే" అన్నాడు ఒకాయన, అదేదో తాతనే తెచ్చిమ్మని అడిగినట్టు.

లేతు పనివాడు షాఫ్టు కింద దూరి చూసి, సన్న బెల్టు వేయాలంటే పుల్లీలు రెండూ మార్చాలి, బేరింగులు మార్చాలి, మూడు నెలలు పడుతుందన్నాడు. ఆమెకు అది ఇష్టం లేదు. దుంగలో ముడి తగిలి రంపం బిగుసుకుంటే వెడల్పు బెల్టు జారి పక్కకు పడిపోతుంది. దుంగ ఎగిరి మనిషి మీదికి రాదు. తండ్రి ఆ మాట వందసార్లు చెప్పేవాడు. నైలాన్ బెల్టు ఒకటి తెచ్చి వేస్తే, అది చేపపిల్లలా పుల్లీ మీంచి జారి గోడకు తగిలింది.

చివరికి ఆమెకు పొట్టు మావయ్య గుర్తొచ్చాడు. పొరుగూళ్లో ఆయనకూ ఒకప్పుడు మిల్లుండేది. మీసాల్లో ఎప్పుడూ రంపపు పొట్టు ఉండేది కాబట్టి ఆ పేరు. మిల్లు మూసేసి ఆరేళ్లయింది, పేరు మాత్రం ఊడలేదు.

ఆమె అడగడమే ఆలస్యం, ఆయన లోపలికి తీసుకెళ్లి చెక్కపెట్టె మూత తీశాడు. రెండు తోలు బెల్టులు, చుట్టలు చుట్టి, నూనె మెరుపుతో ఉన్నాయి.

"నీవేగా! ఏటా ఆముదం పట్టిస్తూనే ఉన్నా. ఇచ్చినదానివి మళ్లీ అడగవేంటా అనుకున్నా. మా మిషనుకి పొడవెక్కువైతే ఒకదానికి మూరెడు ముక్క కోయించాను. ఆ ముక్కా ఇందులోనే ఉంది."

"నేనెప్పుడిచ్చాను మావయ్యా?"

"మీ నాన్నని ఆస్పత్రిలో పెట్టినప్పుడమ్మా. బెల్టులు కావాలని ఫోన్ చేస్తే తీసుకెళ్లమన్నావు. ఆస్పత్రి మెట్ల మీద మా డ్రైవరుకి మీ మిల్లు అటక తాళంచెవి నువ్వే ఇచ్చావు. మర్చిపోయావా?"

ఆమె పెట్టె అంచు పట్టుకుంది. మెట్లు గుర్తొచ్చాయి. చేతిలో మందుల చీటీ గుర్తొచ్చింది. ఎవరో చెయ్యి చాపితే తాళాల గుత్తి పెట్టి, అదే చేత్తో కళ్లు తుడుచుకుని లోపలికి పరుగెత్తడం గుర్తొచ్చింది. లోపల తండ్రికి సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చున్నది బాబాయి.

బాబాయి ఆమెకు చుట్టం కాదు. తండ్రి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన బెల్టు మేస్త్రీ. తోలు కోయడం, అతకడం, కుట్టడం అన్నీ ఆయనే. చిన్నప్పుడు ఆమెకు చెప్పులు కూడా ఆయనే కుట్టేవాడు. పదకొండేళ్ల కిందట, తండ్రిని ఇంటికి తెచ్చిన రెండు నెలలకు ఆమె అటక ఎక్కింది. బెల్టులు లేవు. రెండో తాళంచెవి బాబాయి దగ్గర ఉంది. అంతే. పనివాళ్లందరి ముందూ, "తిన్నింటి వాసాలు లెక్కబెట్టావు బాబాయ్" అంది. ఆయన నోట మాట రాలేదు. రాకపోవడమే సాక్ష్యం అనుకుంది. సాయంత్రం మంచంలో ఉన్న తండ్రికి చెప్పింది. "వాడా?" అన్నాడాయన, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత బాబాయి చూడ్డానికి వస్తే, గేటు దగ్గరే ఆపించింది. ఆ ఏడాదే తండ్రి పోయాడు.

"ఏంటమ్మా, ముఖం అలా అయింది? మంచినీళ్లు తెప్పించనా?" అన్నాడు పొట్టు మావయ్య. ఆయనకు ఇదేమీ తెలియదు. తెలిసినవాళ్లకు బెల్టుల సంగతి తెలియదు. రెండూ తెలిసింది లోకంలో తనొక్కతే. తను నోరు మూసుకుంటే సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు చెవులు వేడెక్కాయి.

అయినా వారం రోజులు మూసుకుంది. రెండు బెల్టుల్లో ఒకటి, చుట్ట విప్పితే లోపలి మడతల్లో ఎలుకలు కొరికి ఉంది, పనికి రాలేదు. రెండోదానికి ముక్క అతకాలి. మిల్లు ఫిట్టరు ఇనప క్లిప్పులు కొట్టాడు. మొదటి దుంగకే ఊడిపోయాయి. తోలు వారుతో కుట్టే చెయ్యి ఒక్కటే ఉందని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆమె బెల్టును గోనెసంచిలో పెట్టుకుని ఒక్కతే బయల్దేరింది.

బస్టాండు పక్కన రేకుల కొట్టులో బాబాయి సంచులకు జిప్పులు వేస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమెను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"బెల్టు అతకాలి బాబాయ్."

ఆయన సంచిలోంచి తీసి ఒళ్లో పరుచుకున్నాడు. వేళ్లతో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. "ఇది నా కుట్టే. ఎక్కడ దొరికిందమ్మాయ్?"

"పాత సామాన్ల షాపులో" అంది ఆమె. ఆ మాట తనదే అయినా వేరే ఎవరో అన్నట్టు వినిపించింది.

బాబాయి కళ్లద్దాలు తీశాడు. "ఏ షాపు? అక్కడికి ఎవరు అమ్మారో అడిగితే చెప్తాడుగా! అంటే దొంగ దొరికినట్టేనమ్మాయ్! పద, ఇప్పుడే పోదాం." మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. తొందరలో బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పడ్డాయి. "పదకొండేళ్లు. మీ పిన్నికి కూడా చెప్పి పోదాం, అదీ వస్తుంది."

ఆమె ఆయన ముఖం చూడలేకపోయింది. వంకరగా పెట్టుకున్న బొత్తాలనే చూస్తూ అంది: "షాపు లేదు బాబాయ్. దొంగా లేడు. నేనే ఇచ్చాను పొట్టు మావయ్యకి. ఇచ్చి మర్చిపోయాను."

ఆయన కూర్చుని, బొత్తాలు విప్పి, సరిగ్గా పెట్టుకున్నాడు.

"మీ నాన్నకి చెప్పావా, నేను తీశానని?"

"చెప్పాను."

"నమ్మాడా?"

అబద్ధం ఆడాలనిపించింది. ఈసారి ఆడలేదు. "ఏమీ అనలేదు బాబాయ్. గోడవైపు తిరిగాడు."

ఆయన తలూపాడు. "తప్పు చెప్పడానికొచ్చావా, బెల్టు కుట్టించుకోవడానికొచ్చావా?"

"బెల్టు చెడకపోతే వచ్చేదాన్ని కాదేమో" అంది ఆమె. అన్నాక ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసి ఆపుకుంది.

"ఇక్కడ పెట్టి వెళ్లు. రేపు రా. మిల్లుకి మాత్రం నేను రాను."

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె పనివాళ్లందరినీ రంపం దగ్గరికి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. అప్పటివాళ్లు ఇద్దరే మిగిలారు. అందులో పెద్దవాడు అన్నాడు: "మాకు అప్పుడే తెలుసక్కా, బాబాయ్ అలాంటివాడు కాదని."

"మరి అప్పుడెందుకు అనలేదు?"

"మీరు అడగలేదుగా" అన్నాడతను, పళ్లెంలోకి చూస్తూ.

మర్నాడు కొట్టు మూసి ఉంది. ఆమె వెనక సందులో ఉన్న ఇంటికి వెళ్లింది. బెల్టు అరుగు మీద ఉంది. అతుకు ఎక్కడుందో వెతికితేగాని కనబడలేదు. పక్కనే పిన్ని కూర్చుని ఉంది.

"ఆయన లోపలున్నారు. బయటికి రారు" అంది పిన్ని. "గంటసేపు ఖాళీగా తిప్పి, తరవాత దుంగ పెట్టమన్నారు."

"పిన్నీ, నేను..."

"నాకు చెప్పారు. మిల్లులో చెప్పావటగా, అదీ విన్నాను. మిల్లు మీ పనివాళ్లది. మేమున్నది ఈ సందులో." పిన్ని లేచి కొంగు దోపుకుంది. "ఇక్కడ నన్ను నీళ్లకి వరసలో నిలబెట్టి, దొంగ పెళ్లామని బిందెలు దూరంగా జరుపుకున్నారు. రా."

పిన్ని ముందు నడిచింది. మొదటి తలుపు కొట్టింది. పిండిచేతులతో ఒకావిడ వచ్చింది. మిల్లక్క చెప్పింది. ఆవిడ "అయ్యో" అని, పిన్ని వంక చూడలేక తలుపు సగం వేసుకుంది. రెండో ఇంట్లో ముసలాయనకు వినబడక మూడుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సందంతా వింది. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ప్రతిచోటా అవే మాటలు. చెప్పేకొద్దీ తేలికవుతుందనుకుంది. ఎక్కడా కాలేదు.

అయిదో తలుపు తీసిన పిల్ల నెల కిందట అద్దెకు దిగిందట. చంకలో బిడ్డతో వింతగా చూసింది.

"వీళ్లకి మనమెవరో కూడా తెలీదు పిన్నీ" అంది మిల్లక్క మెల్లిగా.

"తెలుసుకుంటారు. ఎవరో ఒకరు చెప్తారు" అంది పిన్ని. "ముందు నువ్వు చెప్పు."

ఆ పిల్ల బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. మిల్లక్క కొంగు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.