ఏటా ఇంచిన్నర

ఆ వీధిలో బట్టలు కుట్టించుకునేవాళ్లు గుండీల కోసం డబ్బాలు వెతకరు. మిషన్ ముందు కూర్చున్న టైలరమ్మ చుట్టూ గుండీలు గాల్లో తిరుగుతూనే ఉంటాయి, నచ్చినవి అందుకుంటారు, అంతే. చిన్న గుండీలు ఆవిడ చెవుల పక్కనుంచి చకచకా పోతాయి. దారపు ఉండలు మూరెడు దూరంలో తీరిగ్గా నడుస్తాయి. గోడల వెంబడి తిరిగే పెద్ద కత్తెర మాత్రం పొద్దున బయల్దేరితే భోజనాల వేళకి గానీ ఒక చుట్టు పూర్తి చెయ్యదు. దానికోసం ఎదురుచూడలేక ఆవిడ ఇంకో కత్తెర కొనుక్కుంది. అదీ తిరగడం మొదలెట్టింది, అది వేరే సంగతి.

అలాగని ఆవిడ లావు మనిషేం కాదు. ఆ లాగుడు పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడైతే వీధిలోంచి మేకులు, గులకరాళ్లు కూడా దూసుకొచ్చి తగిలేవి. నుదుటి మీద మచ్చ ఇంకా ఉంది. పెళ్లయ్యాక ఆ బాధ తప్పింది. వయసుతో పాటు తగ్గిందిలే అనుకుని ఊరుకుంది.

అదే గదిలో, గుమ్మం దగ్గర, ఆవిడ భర్త స్టూలు వేసుకుని పుస్తకాలు బైండు చేస్తుంటాడు. వెలుతురు కోసం అక్కడ కూర్చుంటానంటాడు. వెలుతురు కావాల్సినవాడు వీధివైపు తిరిగి కూర్చోవాలి కదా! ఈయన వీధికి వీపు పెట్టి, పెళ్లాం వైపు మొహం పెట్టి కూర్చుంటాడు. తన నీడ తన పుస్తకం మీదే పడినా పట్టించుకోడు.

టైలరమ్మ మనసుని తొలిచేస్తున్నది ఇదే. పెళ్లైన కొత్తలో ఆయన ఒక చోట నిలిచేవాడు కాదు, ఇల్లంతా గిరగిరా తిరుగుతూ పాటలు పాడేవాడు. రాను రాను ఆ తిరుగుడు నెమ్మదించి, ఆగిపోయి, ఆవిడకి మొహం ఒక్కటే మిగిలింది. పన్నెండేళ్లుగా ఆవిడ మొగుడి వీపు చూడలేదు. పక్కనుంచి చూద్దామని రెండడుగులు వేస్తే ఆయనా అంత మేరకే తిరుగుతాడు. బజారుకి వెళ్లేటప్పుడు కూడా ఆవిడ వైపే చూస్తూ, వెనక్కి నడుస్తూ మెట్లు దిగుతాడు. వీధిలో వాళ్లకి అలవాటే, తప్పుకుని దారిస్తారు.

పైగా ఆయన చొక్కాలు ఆయనే ఉతుక్కుంటాడు. చిరిగితే ఆయనే కుట్టుకుంటాడు. ఇంట్లో టైలర్ని పెట్టుకుని!

ఇవన్నీ ఒక ఎత్తు, టేపు చెప్పింది ఒక ఎత్తు. టైలరమ్మకి ప్రతిదీ కొలిచే అలవాటు. ఏటా పెళ్లిరోజున మిషన్‌కీ ఆయన స్టూలుకీ మధ్య దూరం కొలుస్తుంది. ఏటా ఇంచిన్నర పెరుగుతోంది. ఒక్క ఏడు తప్పలేదు. ఇప్పుడు స్టూలు వెనక కాళ్లు గడప దాటాయి.

“మీరు వెనక్కి జరుగుతున్నారు,” అంది ఈసారి.

“నేనా? కావాలంటే స్టూలుకి మేకులు కొట్టించు.”

“మాట మార్చకండి.”

“కదిల్తే కదా మార్చడానికి,” అని ఆయన జిగురు రాసుకుంటూ కూర్చున్నాడు.

అక్కతో చెప్పుకుంటే అక్క అగ్గి మీద మరికాస్త నూనె పోసింది. “వీపు దాచుకుంటున్నాడంటే అక్కడ చూపించకూడనిదేదో ఉందనే కదే! ఏ పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడో ఏమో. ఆ మిషన్ తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్.” నెలాఖరుకి వచ్చేస్తానని టైలరమ్మ మాటిచ్చేసింది. వెళ్లేలోగా ఆ వీపు ఒక్కసారి చూసి, నిజం తేల్చుకుని మరీ వెళ్లాలనుకుంది.

ఆ వారమే కోటు కొలతలివ్వడానికి సైన్సు టీచరు వచ్చింది. బైండింగాయన జిగురు కొనడానికి వెళ్లిన సమయం చూసి టైలరమ్మ అడిగింది.

“టీచరమ్మా, ఎప్పుడూ ఒకటే వైపు చూపించేవాడిని నమ్మొచ్చా?”

“చంద్రుడి గురించేనా?”

“అలాగే అనుకోండి.”

“పాపం ఆయనేం చేస్తాడు? ఒకప్పుడు ఆయనా అన్ని వైపులా తిరిగినవాడే. భూమి లాగి లాగి ఆ తిరుగుడు ఆపేసింది. అందుకే మనకి ఒకటే మొహం.”

“మరి అవతలివైపు ఏముంది?”

“గుంతలు. ఇటువైపు కన్నా బాగా ఎక్కువ. ఈ భుజం కొంచెం బిగుతుగా ఉంది, చూడండి.”

టైలరమ్మ భుజం వదులు చేసింది గానీ మనసు వదులు కాలేదు. “దగ్గరే ఉంటాడా, ఎటైనా పోతాడా?”

“పోతున్నాడు కూడానూ. ఏటా ఇంచిన్నర.”

టైలరమ్మ చేతిలో టేపు జారి, గాల్లో ఒక చుట్టు తిరిగింది. “ఎవరి కోసం?”

టీచరు నవ్వింది. “ఎవరి కోసమూ కాదమ్మా. భూమి గిర్రున తిరుగుతోంది కదా, ఆ ఊపులో కాస్త చంద్రుడికి చేరుతుంది. ఆ ఊపే ఆయన్ని దూరంగా నెడుతుంది.”

అంటే తప్పు భూమిదన్నమాట! చదువుకున్నవాళ్లు కూడా ఇలా వెనకేసుకొస్తారా అని టైలరమ్మ ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఆవిడకి అద్దం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, కోట్లు వేసుకుని చూసుకునే నిలువుటద్దాన్ని ఎదురుగా ఉన్న తాళాల షాపు గోడకి కట్టించింది. ఎండలో రంగు బాగా తెలుస్తుందని వంక పెట్టింది. తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి మిషన్ ముందు కూర్చుని, మొగుడి తల మీదుగా వీధి అవతలికి చూసింది.

పేరు మాట దేవుడెరుగు, చొక్కా వీపంతా అతుకులే. పుస్తకాలు కుట్టే లావుపాటి దారంతో, వంకర టింకరగా వేసిన కుట్లు. పది ఊళ్లకి బట్టలు కుట్టే మనిషి మొగుడు ఆ చొక్కాతో వీధికి వీపు పెట్టి కూర్చున్నాడా అని ఆవిడకి సిగ్గేసింది.

అంతలో తాళాల షాపులోంచి ఒక మేకు లేచింది. గాల్లో తిన్నగా ఆవిడ నుదుటిని చూసుకుని బయల్దేరి, వీధి దాటి, ఆయన వీపుకి ఠప్పున తగిలింది. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, మేకు తీసి, స్టూలు కింద డబ్బాలో వేసి, మళ్లీ అట్ట అందుకున్నాడు. కాసేపటికి ఒక గులకరాయి, తర్వాత సైకిలు బెల్లు మూత.

ఆ డబ్బాలో జిగురుందని ఆవిడ ఇన్నాళ్లూ అనుకుంది.

మిషన్ ఆగింది. గుండీలన్నీ ఒక్క క్షణం తడబడ్డాయి.

“చెప్పొచ్చు కదండీ!” అంది.

ఆయన ఆవిడ చూపు ఎటు పోతోందో గమనించి, దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు. “చెప్తే నువ్వు లోపలి గదిలోకి మారిపోతావు. అక్కడుంటే నాకు కనపడవు.”

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. కన్నీళ్లు కూడా గుండీలతో కలిసి చుట్టూ తిరిగాయి. ఆ సాయంత్రం అక్కకి రానని కబురు పెట్టింది. తర్వాత అద్దంలో చూస్తూ, చేతికందని ఆ వీపుని కంటితోనే కొలిచి, ఎనిమిది పొరల మందపాటి కోటు కుట్టింది. అంత నెమ్మదిగా ఆవిడ ఏదీ కుట్టలేదు.

ఏడాది తిరిగింది. పెళ్లిరోజున టైలరమ్మ మళ్లీ టేపు పట్టింది. ఇంచిన్నర పెరిగింది. టేపు మెడలో వేసుకుని, మిషన్‌ని ఇంచిన్నర ముందుకు జరిపింది.

“ఇలా జరుపుకుంటూ పోతే ముసలాళ్లయ్యేసరికి ఇద్దరం నడివీధిలో తేలతాం,” అన్నాడాయన.

“తేలితే తేలదాం. అక్కడ వెలుతురు బాగుంటుందన్నారుగా,” అంటూ ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.