నూరో రోజు గుర్రం

పాలు పొంగడానికీ కోట తలుపు తెరుచుకోవడానికీ ముహూర్తం ఒకటే అయి కూర్చుంది. పొయ్యి పక్కన గట్టు మీద, ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టిన ఫోనులో ఇసుక గడియారం జారుతోంది. ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను ఇసుక మీద వేసి ఆమె నిలబడింది. ఆరయింది. బురుజు మీద బాకా ఊదారు. ఆమె గోడెక్కిన దొంగల్ని తరిమి, పెట్టె మీద వేలు పెట్టి నొక్కింది. నాణేలు జలజలా రాలి, ‘తొంభై తొమ్మిదో రోజు’ అని బంగారు అక్షరాలు వెలిగాయి. ఆ వెలుగు చూసేంతలో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

“అమ్మాయ్, పాలు పొంగినట్టున్నాయే! ఆ మాయదారి ఫోను కాసేపు పక్కన పెట్టకూడదూ?” అని లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

ఆమె తడిగుడ్డ తీసుకుని గట్టు తుడిచింది. ఫోను తనదే, ఆట తనది కాదు. ఆట ఆవిడ కొడుకుది. నిన్న సాయంత్రం అదే కోట కొడుకు చేతిలో వెలుగుతుంటే ఈ అత్తగారే, “పాపం, వాడికున్న సరదా అదొక్కటే” అంది. కొడుకు చేతిలో సరదా, కోడలి చేతిలోకి వచ్చేసరికి మాయదారి. ఒకే వస్తువుకి ఇంట్లో రెండు పేర్లుండటం ఆమెకి కొత్త కాదు. ఆయన కూర్చుంటే విశ్రాంతి, తను కూర్చుంటే బద్ధకం.

ఆయన బస్సు డ్రైవరు. తెల్లారకముందే వెళ్ళిపోతాడు. స్టీరింగు దగ్గర ఫోను ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. డిపోలో ఇరవై మంది కలిసి ఆ ఆటలో ఒక దండు కట్టారు. పొద్దున ఆరింటికో పెట్టె, పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఇంకో పెట్టె. నూరు రోజులు ఒక్కటీ తప్పకుండా తెరిచినవాడికి తెల్లగుర్రం ఇస్తారు. ఒక్క పూట తప్పితే లెక్క మళ్ళీ ఒకటికి వస్తుంది. గుర్రం బొమ్మ కింద ఎర్రటి అక్షరాలు మిణుకు మిణుకుమంటుంటాయి, ‘మళ్ళీ రాదు’ అని. మొదటి రోజు ఆయన ఆట ఆమె ఫోనులోకి కూడా ఎక్కించి, “పొద్దునా మధ్యాహ్నం నువ్వు కాస్త నొక్కు. నొక్కడమే కదా, ఏముంది?” అన్నాడు.

అదే మాట. ఉతకడమే కదా, మిషనుంది. అమ్మకి మాత్రలివ్వడమే కదా, చీటీ ఉంది. ఈ ‘మే కదా’లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వస్తే ఆమె రోజు తయారవుతుంది. పైగా అది ఉత్త నొక్కడంతో పోలేదు. పది రోజులకే పెట్టె దగ్గరికి దొంగలు రావడం మొదలుపెట్టారు. వాళ్ళని తరిమితేనే పెట్టె తెరుచుకుంటుంది. ఆమె చూసి చూసి పట్టేసింది. దొంగలు ఎప్పుడూ వెనక గోడ నుంచే వస్తారు. ముందు తలుపు దగ్గర అరిచేవాళ్ళు మనల్ని ఏమార్చడానికి. ఇంట్లో పదహారేళ్ళుగా చూస్తున్నదే కనుక ఆమెకది కష్టం కాలేదు. దండులోవాళ్ళు ఆ ఆటలోనే ఆయనకి రాశారు: “అన్నా, పొద్దున పూట నువ్వు పులివి. సాయంత్రమయ్యేసరికి పిల్లివైపోతావేంటి?” ఆయన దాన్ని బిగ్గరగా చదివి, “చూశావా, నన్ను పులి అంటున్నారు” అని మురిసిపోయాడు. ‘డ్యూటీ దిగి అలిసిపోయి ఉంటాను తమ్ముడూ’ అని జవాబు కూడా రాశాడు. ఆ రాస్తున్నంతసేపూ ఆమె ఆయన యూనిఫారానికి గుండీ కుడుతూ పక్కనే ఉంది.

ఆయన చెడ్డవాడని కాదు. రోజంతా వెనక నుంచి జనం తిట్టే తిట్లు వీపు మీద మోసుకొస్తాడు. ఆ కోటలో మాత్రం ఆయన్ని ఎవరూ తిట్టరు. అది తెలిసే ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆ భయం ఆమెకీ అంటుకుంది. ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున, తల్లి స్పృహ తప్పి పడిపోయిందని చెల్లెలు ఫోను చేసింది. ఆమె “వస్తున్నా” అని పెట్టేసి, చెప్పులేసుకుని, గుమ్మంలో ఆగి టైము చూసింది. ఆరుకి రెండు నిమిషాలు తక్కువ. ఆ రెండు నిమిషాలూ ఆగి, దొంగల్ని తరిమి, పెట్టె తెరిచి అప్పుడు బయల్దేరింది. తల్లి తేరుకుంది, ఏం కాలేదు. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆ రెండు నిమిషాల సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆగమని ఆ రోజు ఎవరూ అనలేదు. తనే ఆగింది. తల్చుకుంటే చాలు, పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

ఆమె పని పెద్దాసుపత్రి బట్టల గదిలో. ఉతికి వచ్చిన దుప్పట్లు, రోగుల చొక్కాలు, ఆపరేషను గుడ్డలు మడతపెట్టి ఏ వార్డుకి ఎన్నో సర్ది పంపాలి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులిపి, దగ్గరికొచ్చి, వెనక్కెళ్ళి, మళ్ళీ దగ్గరికొచ్చి మడుస్తారు. రోజుకి నాలుగు వందల దుప్పట్లు. ఆ గదికి ఇన్‌ఛార్జి ఒక పెద్దావిడ. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంది కనుక అందరూ తాళాలమ్మ అనే పిలుస్తారు. మోకాళ్ళు అరిగిపోయి ఆవిడ ఈ నెలాఖరుకి మానేస్తోంది. ఆవిడ సెలవు పెట్టిన రోజుల్లో గది నడిపింది ఆమే. ఏ వార్డులో ఏ గుడ్డ ఎక్కువ చిరుగుతుందో ఆమె రాసిచ్చిన పట్టీని స్టోరు పెద్దాయన మీటింగులో తన పట్టీగా చదివి మెప్పు పొందాడు. “నీ చేతిరాత బాగుంటుందమ్మా” అని మాత్రం ఆమెతో అన్నాడు.

రెండు వారాల కిందట నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఇన్‌ఛార్జి పనికి పేరివ్వదలచుకున్నవాళ్ళు శనివారం పన్నెండింటిలోగా ఆఫీసు కిటికీలో స్వయంగా దరఖాస్తు ఇవ్వాలి. ఆ కాగితం మిణుకుమనలేదు. దాని పక్కన ఇసుక జారలేదు. ‘మళ్ళీ రాదు’ అని ఎవరూ ఎర్రగా రాయలేదు. ఆమె ఆ రోజే దరఖాస్తు నింపి చొక్కా జేబులో పెట్టుకుంది. రోజూ పదకొండు ముప్పావుకి పావుగంట విరామం. ఆఫీసు ఈ కొసన, సిగ్నలు దొరికే వెనక మెట్లు ఆ కొసన. రోజూ పావుగంటా మెట్ల మీదే గడిచిపోయింది. జేబులో కాగితం రెండు వారాలుగా దుప్పటిలా మడతలు పడుతూనే ఉంది.

ఆ శుక్రవారం సాయంత్రం, ఆయన భోంచేస్తుంటే సంగతి చెప్పింది.

“ఇన్‌ఛార్జి అంటే నెలకి రెండాదివారాలు వెళ్ళాలి. అమ్మని ఎవరు చూస్తారు? నీకెందుకా తలనొప్పి?” అన్నాడు.

“రెండాదివారాలు మీరు చూడలేరా?”

“నేనా!” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “చూద్దాంలే. ఉద్యోగం ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఎప్పుడో వస్తుంది.” చెయ్యి కడుక్కొచ్చి, తుండుతో తుడుచుకుంటూ ఇంకో మాట చేర్చాడు. “రేపు మధ్యాహ్నం మాత్రం మర్చిపోకు. అది మళ్ళీ రాదు.”

ఆమె ఎంగిలి కంచం తీసుకెళ్ళింది.

శనివారం పదకొండు నలభై ఆరుకి ఆమె వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆవిరి గొట్టం బుసకొడుతోంది. దొంగలు రాలేదు. వాళ్ళ బదులు ‘నూరో రోజు కానుక దిగుతోంది, తెర మూయవద్దు’ అని వచ్చింది. కింద సన్నటి గీత. గీతలో నాలుగో వంతు నిండింది. ఇక్కణ్ణుంచి లేచి లోపలికి వెళ్తే సిగ్నలు పోతుంది, దిగడం ఆగిపోతుంది. పదకొండు నలభై తొమ్మిది. సగమైంది. పదకొండు యాభై. అదే సగం.

వెనక తాళాలు గలగలమన్నాయి.

“ఏమే, ఇక్కడ కూర్చుని గుడ్లు పొదుగుతున్నావా? పేరిచ్చావా?”

“ఇంకొక్క రెండు నిమిషాలమ్మా. గుర్రం వస్తోంది.”

“గుర్రమా? ఎవరికి?”

“మా ఆయనకి.”

తాళాలమ్మ వంగి ఫోను చూసింది. తెల్లగుర్రం బొమ్మ మెడ ఎగరేస్తోంది. “వచ్చాక దానెక్కి ఎక్కడికెళ్తాడు?” అంది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగినట్టుంది. “నీ బదులు నేనెళ్ళి నిలబడదామంటే, నా మోకాళ్ళు రావు, నా సంతకం చెల్లదు” అని తాళాలమ్మ గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

రెండు నిమిషాలు. చెల్లెలు ఫోను చేసిన రోజు గుమ్మంలో ఆగినవీ రెండే.

ఆమె లేచింది. ఏదో గెలిచినట్టేమీ అనిపించలేదు. ఫోను జేబులో వేసుకుని పొడుగాటి వరండాలో నడిచింది. జేబులో ఫోను ఒకసారి గుర్రంలా సకిలించింది, ఇంకో పది అడుగులకి నోరు మూసుకుంది. ఆఫీసు కిటికీ సగం దించేసి ఉంది. గుమాస్తా గడియారం చూసి, “పధ్నాలుగు రోజులు ఏం చేశావమ్మా?” అన్నాడు.

“కోట కాపలా కాశానండీ.”

గుమాస్తా వినిపించుకోలేదు. మడతలు సాపు చేసి, దరఖాస్తు మీద ముద్ర కొట్టి, “ఇంకెవరూ పేరివ్వలేదు. తాళాలమ్మ నీ గురించి ముందే చెప్పింది. సోమవారం పొద్దున ఏడింటికి రా, పని చూపిస్తుంది” అన్నాడు.

సాయంత్రం ఆయన బూట్లు విప్పకుండానే, “వచ్చిందా?” అన్నాడు.

“రాలేదు. ఆ టైముకి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఫోను తెరిచి చూశాడు. ‘ఒకటో రోజు’ అని ఉంది. “నూరు రోజుల్లో ఒక్క పూట. ఒక్క పూట చూసుకోలేకపోయావా?” అన్నాడు. గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది. “వాడి మొహం చూడు, ఎలా వాడిపోయిందో” అంది అత్తగారు. ఆమె చూసింది. జాలేసింది. తనకి జాలేసిన ప్రతిసారీ ఇంట్లో ఒక కొత్త పని తన పేరు మీద పడుతూ వచ్చిందని కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. తువ్వాలు అందించబోయిన చెయ్యి ఆగింది.

ఆయన ఫోను టింగుమంది. దండులోవాళ్ళు. ‘అన్నా, గుర్రమేది? చూపించు!’ ఆయన గబగబా, ‘నెట్‌వర్క్ పోయింది తమ్ముడూ’ అని రాయడం మొదలుపెట్టాడు.

ఆమె తన ఫోను తీసి ఆట తెరిచింది. ఆ కోట ఒకేసారి రెండు చోట్ల తెరుచుకోదు. ఆయన చేతిలో తెర నల్లబడి, ‘మీ కోట వేరేచోట తెరిచారు’ అని చూపించింది. ఆయన తలెత్తేలోపు ఆమె నిలబడే రాసింది. ‘నూరు రోజులూ పొద్దునా మధ్యాహ్నం ఆడింది నేను. ఈయన భార్యని. ఇవాళ నాకు వేరే పని పడింది. రేపట్నుంచి నాకోసం చూడొద్దు.’

దండులో ఒకరు, ‘పులివి నువ్వా అక్కా!’ అని రాశారు. వెంటనే ఇంకొకరు:

‘మరి సాయంత్రం పూట వచ్చి మా గోడలు కూలగొట్టిస్తున్నదెవరు?’

ఆమె ఆ మాట రెండుసార్లు చదువుకుంది. ఫోను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

“మిమ్మల్నే అడుగుతున్నారు” అంది. “చెప్పండి.”